పదకొండు దగ్గర ఆగిన గీత

గీత పదకొండు దాకా ఎగబాకి, అక్కణ్ణుంచి తిన్నగా సాగింది. తొమ్మిది నిమిషాల సేపు అటూ ఇటూ కదల్లేదు. ఆ తర్వాత ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది.

"చూడమ్మా," అంటూ సూపరింటెండెంటు ఆ గ్రాఫు కాగితాన్ని బల్లమీద ఆమెవైపు తిప్పాడు. "నిన్న మధ్యాహ్నం పెద్ద ఫ్యానుది. అదురు ఎంత దాటితే ఆపాలని రాసుకున్నాం మనం?"

"పన్నెండండి."

"ఇక్కడెంతుంది?"

"పదకొండండి."

"అదీ సంగతి." ఆయన వెనక్కి వాలి, గోడపక్కన నిలబడ్డ మనిషివైపు చూశాడు. "పదకొండుకే ఆపేశాడు ఈయన. ఎందుకయ్యా అంటే, పెన్సిలు పడిపోయిందట!"

గోడపక్కనున్నది ఫ్యానుగది బాబాయి. పొట్టి మనిషి. ఇరవై ఆరేళ్లుగా అట్టల మిల్లులో ఆ ఒక్క ఫ్యాను పక్కనే ఉంటూ, దాని హోరులో బతికి బతికి, బయట కూడా కాస్త గట్టిగా మాట్లాడతాడు. ఆయన జేబులో బొటనవేలంత పెన్సిలు ముక్క ఎప్పుడూ ఉంటుంది. బేరింగు మీద దాన్ని నిలబెట్టి ఇరవై లెక్కపెడతాడు. పడకపోతే ఫ్యాను బాగున్నట్టు. పడితే అరచేయి ఆనించి చూస్తాడు. నిన్న పెన్సిలు నిలబడనే లేదు. అరచేయి ఆనించాడు, ఫ్యాను ఆపేశాడు.

ఆ ఫ్యాను ఆగితే అట్టలు ఎండబెట్టే హాలంతా ఆగినట్టే. నిన్నటి షిఫ్టులో తడి అట్టలన్నీ వంకర్లు తిరిగి మళ్లీ గుజ్జుగుంటలోకే పోయాయి. తీరా ఫ్యాను విప్పి చూస్తే అందులో ఏ లోపమూ కనబడలేదు. తిరిగి తిప్పితే బుద్ధిమంతురాలిలా తిరిగింది.

"కారణం లేకుండా మిషను ఆపితే ఏంటో తెలుసుగా. మిల్లు బయటికే," అన్నాడు సూపరింటెండెంటు. "శుక్రవారం విచారణ. పెద్దాఫీసు నుంచి మేడమొస్తున్నారు. నువ్వా సెన్సారు తీసి పరీక్ష చేసి, బాగుందని రాసివ్వు. లేకపోతే ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రేపు ఈయన మీటరే తప్పంటాడు."

"అనన్లెండి," అన్నాడు బాబాయి. ఆయన నోరు విప్పింది ఆ ఒక్కసారే. "మీటరు అమ్మాయి పెట్టింది. అది తప్పు చెప్పదు."

ఆ మాటకి మీటరమ్మాయికి ముచ్చటేసింది. మిల్లులో ఆమెని అలాగే పిలుస్తారు. ముప్పై ఆరేళ్లొచ్చినా, ఇద్దరు పిల్లల తల్లయినా అమ్మాయే. కొలిచే సామాను ఎక్కడున్నా, బాయిలరు మీద ముల్లు దగ్గర్నుంచి తూకం పెట్టె దాకా, ఆమెదే పూచీ. ఆరు నెలల కిందట ఫ్యాను బేరింగు మీద సెన్సారు బిగించింది ఆమే. దానికి కరెంటిచ్చే సప్లై పెట్టె ఏది పెట్టాలో ఎంచిందీ ఆమే. గ్రాఫు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ ఆమె ఆ గీతని మరోసారి చూసింది. స్కేలు పెట్టి గీసినట్టు ఎంత చక్కగా ఉందో అనుకుంది. అదురుతున్న ఇనుము అంత చక్కటి గీత ఎలా గీస్తుందని మాత్రం అనుకోలేదు.

ఫ్యానుగదిలో సెన్సారు విప్పడానికి పది నిమిషాలు పట్టింది. అది అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది, బరువైంది. వెనకాల రెండు తీగలు. ఆ రెండు తీగల మీదే దానికి తిండి, ఆ రెండు తీగల మీదే దాని మాట. అదురు లేనప్పుడు నాలుగు మిల్లియాంపుల కరెంటు లాగుతుంది. అదురు పెరిగే కొద్దీ ఇంకా ఇంకా లాగుతూ ఇరవైదాకా పోతుంది. అవతల రికార్డరు ఆ కరెంటుని కొలిచి, సున్నా నుంచి పదహారు దాకా గీత గీస్తుంది.

ఆమె దాన్ని తన గదికి తెచ్చి, అదిరించే బల్లకి బిగించింది. బల్లమీదున్న మంచి సప్లైకి తగిలించింది. అదురు రెండుకి పెట్టింది, రెండు చూపించింది. ఆరుకి ఆరు. పన్నెండుకి పన్నెండు. పదహారుకి వెంట్రుకవాసి తక్కువ. రెండోసారి కూడా అంతే. ఆమె సర్టిఫికెట్టు తీసి నీలం సిరాతో నింపింది. 'దేనితో పోల్చి చూశారు' అన్న గడిలో అదిరించే బల్ల నంబరు వేసింది. కింద 'సరిగా ఉంది' అని రాసి సంతకం పెట్టింది. ఆమె సంతకం పొందికగా, బారుగా ఉంటుంది. రాశాక సిరా ఆరేదాకా ఊదడం ఆమెకి అలవాటు. అప్పుడూ ఊదింది.

కాగితం ఇచ్చి వస్తుంటే బాబాయి పాతకాగితాల యార్డులో కనబడ్డాడు. విచారణయ్యేదాకా ఆయన్ని అక్కడికి తోశారు. కట్టల మధ్య చీపురు పట్టుకుని ఊడుస్తున్నాడు.

"ఊడ్చే మనుషులున్నారుగా బాబాయ్."

"ఊరికే కూర్చోలేనమ్మాయ్. నిన్న కూడా ఈ చీపురే కొంప ముంచింది," అన్నాడు ఆయన నవ్వబోతూ. "ఫ్యాను ఆపాక కిందంతా మట్టిపెళ్లలు. రెక్కలకి తడిదుమ్ము పట్టి గట్టిపడుతుంది కదా, ఒక రెక్కది ఊడుంటుంది. అందుకే అంత అదురు. ఆగి చల్లబడేసరికి మిగతా రెక్కలవీ రాలిపోయాయి. గది మురిగ్గా ఉంటే అప్పగించడం నాకు అలవాటు లేదు. శుభ్రంగా ఊడ్చి గుంటలో పోశా. తీరా సూపరింటెండెంటుగారొచ్చి చూస్తే ఏముంది అక్కడ? అద్దంలా ఉంది నేల."

చేతులారా తన సాక్ష్యాన్ని తనే ఊడ్చి పారబోసుకున్న మనిషి ఇంకా ఊడుస్తూనే ఉన్నాడు. ఆమెకి కళ్లు చెమర్చాయి. మాట మార్చడానికి అడిగింది.

"నీ చేతికి ఎంతనిపించింది?"

"పద్నాలుగు." తడుముకోకుండా చెప్పాడు. "నువ్వా మీటరు పెట్టినప్పట్నుంచీ రోజూ చెయ్యి ఆనించి ఇంతుంటుందనుకోవడం, వెళ్లి రికార్డరు చూసుకోవడం. అదో ఆట నాకు. రెండూ కలిసేవి. నాలుగున్నరంటే నాలుగున్నరే! నిన్న మాత్రం కలవలా." చీపురు చంకలో పెట్టుకుని, కుడి అరచేతిని ఎడమచేతి బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. "చేతిక్కూడా వయసొస్తుందేమోలే. మీటరుకి రాదుగా."

"అలా అనకు బాబాయ్."

"ఎందుకనను? కాగితం రాసిచ్చేస్తా, పొరపాటు నాదేనని. ఒప్పుకుంటే చివర్లో వచ్చే నాలుగు రాళ్లయినా ఆపరట, ఎవరో చెప్పారు." మళ్లీ ఊడవడం మొదలుపెట్టాడు. "ఆ సంగతటుంచు. ఈ చేతిని నమ్మకూడదని తెలిశాక ఫ్యాను పక్కన నిలబడ్డం కూడా పాపమే కదమ్మాయ్."

ఆ పూట ఆమె ఇంటికి నడిచే వెళ్లింది. బస్సు వచ్చినా ఎక్కబుద్ధి కాలేదు.

వాళ్లిల్లు మూడో అంతస్తులో ఉంది. పొద్దున్నే నీళ్లొచ్చే వేళకి భర్త పనికి వెళ్లిపోతాడు. పిల్లల్ని లేపడం ఆమె వంతు, నీళ్లు పట్టడం అత్తగారి వంతు. ఆవిడకి మోకాళ్ల నొప్పులున్నాయి గానీ నోటికి ఏ నొప్పీ లేదు. బుధవారం పొద్దున కోడలు కొళాయి కింద బకెట్టు పెట్టి, తొందరలో చివరికంటా తిప్పింది. నీళ్లు సన్నగానే పడ్డాయి.

"ఎంత తిప్పినా అంతే పిల్లా, దాని చెవి మెలేస్తే నీళ్లొస్తాయా?" అంది అత్తగారు పీట మీద నుంచే. "మొన్నటిదాకా బాగానే వచ్చేవి. కింద కొత్తగా దిగినావిడ వంటింట్లో ఇంకో కొళాయి పెట్టించుకుంది చూడు, అప్పట్నుంచే ఈ అవస్థ. సన్నగా తిప్పుకుంటే దానిక్కావలసినంత వస్తుంది. నిండుగా కావాలన్నప్పుడే చేతులెత్తేస్తుంది."

కోడలు కొళాయి సగానికి తిప్పింది. ధార తగ్గలేదు. మళ్లీ నిండుగా తిప్పింది. ధార పెరగలేదు. సన్నగా, తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు పడుతోంది.

"అత్తయ్యా, పిల్లల్ని మీరు లేపండి!" అంది.

"నీళ్లో?"

"నీళ్లూ మీరే పట్టండి!"

"బాగుంది వరస!" అని ఆవిడ అంటుండగానే కోడలు సంచి వెతికి, పాత నోటు పుస్తకం తీసి, నేలమీదే కూర్చుంది. ఆరు నెలల కిందటి లెక్క అందులో ఉంది. సెన్సారు బతకాలంటే దాని దగ్గరికి కనీసం పన్నెండు వోల్టులు చేరాలి. తను ఇరవైనాలుగు వోల్టుల సప్లై అడిగింది. స్టోరులో లేదన్నారు. ఉన్నది పద్దెనిమిది వోల్టులది. పద్దెనిమిదిలో పన్నెండు పోతే దారిఖర్చుకి ఆరు. సెన్సారు గట్టిగా అరిచినప్పుడు, అంటే ఇరవై మిల్లియాంపులప్పుడు, పొడుగు తీగా రికార్డరూ కలిసి తినేది సరిగ్గా ఆరు. అచ్చంగా సరిపోయింది. లెక్క కింద రెండు గీతలు కొట్టి మురిసిపోయి ఉంటుంది అప్పుడు. ఆ గీతలు ఇంకా ముదురుగా ఉన్నాయి.

తర్వాత నెలకి సూపరింటెండెంటు పిలిచి, ఫ్యానుగదిదాకా నడవలేకపోతున్నాను, నా గదిలో కూడా ఒక డయలు పెట్టమన్నాడు. అదే తీగ తెంపి, మధ్యలో గుండ్రటి డయలు కలిపింది. అరగంట పని. కాగితం మీద లెక్క కట్టలేదు. ఆ డయలు తినేది ఇంకో రెండు వోల్టులు. సన్నగా ఉన్నంతసేపూ అందరికీ చాలుతుంది. ఫ్యాను నిజంగా ఊగిపోయి, సెన్సారు నోరంతా తెరవబోయేసరికి దానికి పన్నెండు మిగలవు. ఆమె వేళ్లమీద లెక్కేసింది. పదిహేను మిల్లియాంపుల దగ్గర గొంతు పూడుకుపోతుంది. పదిహేనంటే గ్రాఫు మీద పదకొండు.

పన్నెండుకి ఆపమని రాసిన చోట, పన్నెండు ఎన్నటికీ చూపించలేని మీటరు పెట్టింది తను. పైగా నిన్ననే దాన్ని తీసుకెళ్లి, బల్లమీద కడుపునిండా తిండి పెట్టి, ఎంత బాగా మాట్లాడుతోందో అని సర్టిఫికెట్టు రాసింది. ఆమెకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మిల్లులో సెన్సారు మళ్లీ దాని చోట్లో తగిలించి, బేరింగుకి బిగించకుండా చేత్తో పట్టుకుని గట్టిగా ఊపింది. రికార్డరు పదకొండుకెక్కి నిలబడిపోయింది. చేయి నొప్పెట్టేదాకా ఊపినా అంతే. స్టోరుకి వెళ్లి అడిగింది, ఆరు నెలల కిందట అడిగిన ఇరవైనాలుగు వోల్టుల సప్లై ఎప్పుడొస్తుందని.

"వచ్చి రెణ్నెల్లయింది," అన్నాడు స్టోరు కీపరు. అరలోంచి దుమ్ముపట్టిన పెట్టె తీసి ఊది, బల్లమీద పెట్టాడు. "నువ్వడగలేదు, నేనివ్వలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారుగా."

పెట్టె మీద ఆమె చేతిరాతతోనే చీటీ ఉంది.

గురువారం ఉదయం సూపరింటెండెంటు అంతా విన్నాడు. చెడ్డవాడు కాదు. పదిమంది మీద అరిచే ఉద్యోగం కాబట్టి అరుస్తాడు. విన్నంతసేపూ గోడమీది డయలువైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు.

"అంటే నా డయలు వల్లంటావ్," అన్నాడు చివరికి. ఆమె ఆ మాటే అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది.

"లెక్క కట్టకుండా పెట్టింది నేనండి. తప్పు నాది."

"సరే. ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదండి."

"అయితే విను, నీ మంచికే చెబుతున్నా." ఆయన గొంతు తగ్గించాడు. "సర్టిఫికెట్టు మీద నీ సంతకముంది. సెన్సారు బాగానే ఉందన్నావు, బాగానే ఉంది, అందులో అబద్ధం లేదు. శుక్రవారం గడవనీ. శనివారం ఆ కొత్త సప్లై పెట్టెయ్. ఆ పెద్దాయన ఎలాగూ ఒప్పుకుని కాగితమిచ్చేశాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

కాగితమిచ్చేశాడన్న మాట దగ్గర ఆమె చూపు బల్లమీద పడింది. పెద్ద పెద్ద అక్షరాలతో, పెన్సిలుతో రాసిన ఉత్తరం. రెండు చోట్ల చెరిపి మళ్లీ రాశాడు. 'నా చేతి పొరపాటు వలన' అన్న మాటలు తలకిందులుగా కూడా చదవొచ్చు.

ఆమె లేచింది. తలుపు దాకా వెళ్లి, "రేపు నాకు డయలు కావాలండి. విప్పుకెళ్తా," అంది.

శుక్రవారం విచారణ గదిలో బల్ల పొడుగ్గా ఉంది గానీ ఆమె తెచ్చిన సామానుకి చాల్లేదు. సెన్సారు, రికార్డరు, డయలు, రెండు సప్లైలు, ఫ్యానుగది నుంచి సూపరింటెండెంటు గది దాకా ఉన్నంత తీగచుట్ట. పెద్దాఫీసు నుంచి వచ్చిన మేడం కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇదంతా ఏంటమ్మా?" అంది.

"సోమవారం జరిగిందండి. మళ్లీ చూపిస్తా."

ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు చెప్పుకున్న మాటలు సగం మర్చిపోయింది. చేతులు మాత్రం మర్చిపోలేదు. పద్దెనిమిది వోల్టుల సప్లైకి అన్నీ వరసగా కలిపి, సెన్సారు తీసుకెళ్లి బల్ల చివర కూర్చున్న బాబాయి చేతిలో పెట్టింది.

"ఊపు బాబాయ్."

"నేనా?"

"గట్టిగా ఊపు. సోమవారం ఫ్యాను ఊగినట్టు."

ఆయన మొహమాటంగా ఊపాడు. రికార్డరు పెన్ను ఆరు దాకా ఎక్కింది. "ఇంకా," అంది. పది. "ఇంకా!" పదకొండు. ఆయన లేచి నిలబడి, పళ్లు బిగించి, భుజం ఊడిపోతుందేమో అన్నట్టు ఊపాడు. పెన్ను పదకొండు మీదే తిన్నగా పోతోంది. ఆమె డయలు తీగలు విప్పి, డయలు పక్కనపెట్టి, రెండు కొసలూ కలిపేసింది. పెన్ను ఎగిరి పదహారు దాకా పోయి, చివరి గట్టుకి టక్కున తగిలింది. బాబాయి ఉలిక్కిపడి ఊపడం ఆపేశాడు.

మేడం సోమవారం నాటి కాగితం తీసుకుని కొత్త కాగితం పక్కన పెట్టింది. రెండింటి మీదా ఒకటే గీత, పదకొండు దగ్గర, స్కేలు పెట్టి గీసినట్టు.

"అంటే సోమవారం అసలెంత?"

"మీటరు చెప్పలేదండి. చెప్పలేని మీటరు పెట్టాను నేను." ఆమె బాబాయివైపు చూపించింది. "చెప్పింది ఈయన చెయ్యే. పద్నాలుగంది. మంగళవారం నేను రాసిచ్చిన సర్టిఫికెట్టు తప్పండి. వెనక్కిచ్చెయ్యండి."

డయలు అడిగినవాడు, లెక్కకట్టకుండా తగిలించింది, పెట్టె వచ్చినా చెప్పనివాడు, తిలాపాపం తలా పిడికెడు. కానీ వారంపాటు దాన్నంతా మోసింది మాత్రం ఒక్క మనిషే. బాబాయి మేడం ముందున్న తన ఉత్తరాన్ని చూస్తూ, "నాదీ ఇచ్చేస్తారాండీ మరి?" అన్నాడు, అలవాటుకొద్దీ కాస్త గట్టిగా.

మేడం ఇచ్చేసింది.

సోమవారం మీటరమ్మాయికి హెచ్చరిక ఉత్తరం అందింది. ఈ ఏడాదికి ఆమె పైమెట్టు ఎక్కడం లేదని అందులో ఉంది. సూపరింటెండెంటు ఆమెతో పదిరోజులు మాట్లాడడని అందరూ అనుకున్నారు. ఆయన ఆ పూటే ఎదురుపడి, డయలు తీసేశాక గోడకి పడ్డ నాలుగు మేకుల చిల్లులు ఎవరు పూడుస్తారని అడిగాడు. అదే ఆయన రాజీ.

ఆమె దుమ్ము తుడిచిన పెట్టె తీసుకుని ఫ్యానుగదికి వెళ్లింది. పద్దెనిమిది తీసి ఇరవైనాలుగు బిగించింది. ఈసారి లెక్క రెండుసార్లు కట్టింది, మిగులు ఎంతుందో కూడా రాసుకుంది. సెన్సారుని బేరింగు మీద బిగిస్తుంటే బాబాయి పక్కకి తప్పుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తిరిగి ఉద్యోగంలోకి వచ్చి రెండు పూటలైనా ఫ్యాను మీద చెయ్యి వేసినట్టు లేదు. పెన్సిలు జేబులోనే ఉంది.

"ఎంతుంది బాబాయ్?" అడిగింది, రికార్డరుకి అడ్డంగా నిలబడి.

"మీటరు చూసి చెప్పమ్మా. నన్నెందుకు?"

"మీటరుని నేనింకా నమ్మట్లేదు. నువ్వు చెప్పు."

ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత అరచేతిని చొక్కాకి తుడుచుకుని, మెల్లగా బేరింగు మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. హోరు మధ్యలో పెదాలు కదిలాయి.

"మూడు. మూడు మీద కాస్త."

ఆమె పక్కకి జరిగింది. పెన్ను మూడు దాటి సన్నగా వణుకుతూ గీస్తోంది. గీత తిన్నగా లేదు. బతికున్నదాని గీతలా చిన్న చిన్న గతుకులతో పోతోంది. బాబాయి దగ్గరికొచ్చి వంగి చూసి, ముక్కు ఎగబీల్చాడు.

ఆమె కొత్త సర్టిఫికెట్టు తీసి మోకాలిమీద పెట్టుకుని నింపింది. 'దేనితో పోల్చి చూశారు' అన్న గడి దగ్గర ఆగలేదు. 'ఫ్యానుగది బాబాయి కుడి అరచేయి' అని నీలం సిరాతో రాసి, కింద 'మీటరు సరిపోయింది' అని రాసింది. సిరా ఆరేదాకా ఊది ఆయన చేతికిచ్చింది.

ఆయన దాన్ని దూరంగా పట్టుకుని ఒకసారి, దగ్గరగా పట్టుకుని ఒకసారి చదివాడు.

"సాక్షిగా నేనేమైనా సంతకం పెట్టాలా?" అన్నాడు.

"పెట్టు బాబాయ్."

"ఉండు మరి, చెయ్యి కడుక్కొస్తా," అని ఆయన కొళాయివైపు నడిచాడు.